చర్చి సంఘ యూత్ తరఫున ఆకలి నిధి, ఆహార సేకరణ: అడగడం నుంచి లెక్క అప్పజెప్పడం దాకా

"మా యూత్ వాళ్లం ఆకలితో ఉన్నవాళ్ల కోసం ఏదైనా చేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే పోస్టర్ గీసేసి ఉంటారు, గుమ్మం దగ్గర అట్టపెట్టె కూడా పెట్టేసి ఉంటారు. ఎవరికి ఇవ్వాలి, వాళ్లకు ఏం కావాలి అన్నది మాత్రం తేలి ఉండదు. పని సగంలో చెడిపోయేది ఇక్కడే. పోగు చేయడం కష్టం కాదు, సంఘంలో అడిగితే ఇస్తారు. పోగైనది పనికొచ్చేలా చూడటం, పైసా తేడా లేకుండా లెక్క చెప్పడం, ఈ రెండే అసలు పని. అందుకే కింది వరుసలో సేకరణ మధ్యలో వస్తుంది, మొదట్లో కాదు.

మొత్తానికి ఆరు వారాలు చేతిలో ఉంచుకోండి. నాలుగు వారాల్లో కూడా అవుతుంది కానీ అనుమతి పత్రాలు వెనక్కి రావడానికే రెండు ఆదివారాలు పడుతుంది.

కావలసినవి

- బాధ్యత తీసుకునే పెద్దవాళ్లు కనీసం ఇద్దరు. ఇద్దరూ ఒకే కుటుంబం వాళ్లు కాకూడదు.
- ఆహారం లేదా డబ్బు తీసుకుంటామని రాతపూర్వకంగా ఒప్పుకున్న సంస్థ ఒకటి.
- వరుస నంబర్లు ముద్రించిన రసీదు పుస్తకం, ఒక రిజిస్టర్, తాళం పడే డబ్బుల పెట్టె.
- కాటా ఒకటి. లేకపోతే మనుషులు బరువు చూసుకునే మిషన్ చాలు: ముందు ఒట్టి మనిషి, తర్వాత పెట్టె పట్టుకున్న మనిషి, తేడా పెట్టె బరువు.
- ఒకే సైజు అట్టపెట్టెలు. 40 × 30 × 30 సెంటీమీటర్లవి అందరికీ అనువుగా ఉంటాయి.
- ప్యాకింగ్ టేపు, లావు మార్కర్లు, చేతి తొడుగులు, చెత్త సంచులు, ప్రథమ చికిత్స పెట్టె.
- తడి తగలని గది, నాలుగైదు బల్లలు.
- 18 ఏళ్ల లోపు వాళ్లందరికీ తల్లిదండ్రుల సంతకంతో అనుమతి పత్రం.

1. ముందు తీసుకునేవాళ్లను అడగండి

ఫుడ్ బ్యాంకు (దానంగా వచ్చిన సరుకును అవసరమున్నవాళ్లకు పంచే సంస్థ) కావచ్చు, ఉచిత భోజనశాల కావచ్చు, సంఘమే నడిపే సహాయ కేంద్రం కావచ్చు. ఫోన్ కాకుండా ఇద్దరు ముగ్గురు స్వయంగా వెళ్లి మాట్లాడితే మంచిది. వాళ్ల అలమరాలు చూస్తే జాబితా సగం అక్కడే తయారవుతుంది. అడగాల్సినవి ఇవి:

- ఇప్పుడు మీ దగ్గర ఏది తక్కువగా ఉంది? ఏది వద్దన్నా వస్తోంది?
- గడువు తేదీకి ఇంకా ఎన్ని నెలలు ఉంటే తీసుకుంటారు?
- వండుకునే వసతి లేనివాళ్లు మీ దగ్గరికి వస్తారా? (వస్తే పొయ్యి అక్కర్లేకుండా తినేవి కావాలి.)
- ఏ రోజు, ఏ వేళకు దింపాలి? ఒకేసారి ఎన్ని పెట్టెలు పెట్టుకోగలరు?
- తూకం వేసి రసీదు ఇస్తారా?
- ఆహారం మేలా, డబ్బు మేలా?

చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. పెద్ద సంస్థలు టోకున కొంటాయి కాబట్టి, మీరు చిల్లర ధరకు ఒక ప్యాకెట్ కొనే డబ్బుతో వాళ్లు అంతకంటే ఎక్కువే కొనగలరు. దూర దేశంలో కరువు బాధితుల కోసమైతే డబ్బే పంపండి. పెట్టెలు పంపితే రవాణా ఖర్చు లోపలి సరుకు విలువను మించిపోవచ్చు. అయితే ఆహార సేకరణకు ఒక లాభం ఉంది. చిన్నపిల్లలు, చేతిలో డబ్బు ఆడనివాళ్లు కూడా ఇందులో పాలుపంచుకోగలరు. అందుకే రెండూ కలిపి పెట్టుకునే సంఘాలు ఎక్కువ.

వాళ్లు చెప్పింది ఒక కాగితం మీద రాసి, వాళ్ల సంతకమో మెసేజో తీసుకోండి. ఈ కాగితం లేకుండా రెండో మెట్టు ఎక్కకండి.

2. పెద్దల అనుమతి, పనుల పంపకం

పాస్టర్ గారితో, సంఘ పెద్దలతో మూడు విషయాలు తేల్చుకోవాలి. డబ్బు ఏ ఖాతాలోకి వెళ్తుంది? ఖర్చులు ఎవరు భరిస్తారు? అనుకున్నదానికంటే ఎక్కువ వస్తే ఏం చేస్తారు?

ఖాతా సంఘానిదే అయి ఉండాలి. యూత్ లీడర్ సొంత ఖాతాలోకి, సొంత ఫోన్ నంబరుకు డబ్బు వేయించుకోవద్దు. ఆ అబ్బాయి ఎంత నిజాయితీపరుడైనా సరే, రేపు ఎవరైనా ఒక మాట అంటే చూపించడానికి అతని దగ్గర ఏమీ ఉండదు. పౌలు యెరూషలేము పేదల కోసం కానుక పోగుచేసినప్పుడు ఎవరూ తప్పు పట్టకుండా ఉండాలని వేరే మనుషులను వెంట పెట్టుకున్నాడు (2 కొరింథీ 8:20-21). యూత్ మీటింగులో ఈ భాగం ఒకసారి చదివితే లెక్కల గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

ఖర్చులు, అంటే పోస్టర్లు, టేపు, బండి అద్దె, సేకరించిన డబ్బులోంచి తీయకండి. సంఘం నుంచో, ముందుకొచ్చిన ఒకరిద్దరి నుంచో విడిగా తీసుకోండి. అప్పుడు "మీరిచ్చింది మొత్తం అక్కడికే వెళ్తుంది" అని ధైర్యంగా చెప్పొచ్చు. తీయక తప్పకపోతే ఆ మాట ప్రకటనలోనే చెప్పేయండి.

పనులు: డబ్బుకు ఇద్దరు, సరుకుకు ఇద్దరు, రవాణాకు ఒకరు, ప్రకటనలకు ఒకరు, పిల్లల భద్రతకు ఒకరు. డబ్బు చూసేవాళ్లకే సరుకు కూడా అప్పగించకండి.

3. లక్ష్యం ఒట్టి కిలోల్లో కాదు, ఎన్ని ఇళ్లకు ఎన్నాళ్లు అన్న లెక్కలో పెట్టండి

"500 కిలోలు సేకరిద్దాం" అంటే వినడానికి బాగానే ఉంటుంది, అది ఎంతమందికి ఎన్నాళ్లు వస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. అత్యవసర సహాయంలో మనిషికి రోజుకు సుమారు 2,100 కిలో క్యాలరీలు అని లెక్క వేస్తారు. ఐక్యరాజ్యసమితి వారి ప్రపంచ ఆహార కార్యక్రమం సాధారణంగా చూపించే రేషన్‌లో ఒక మనిషికి ఒక రోజుకు 400 గ్రాముల ధాన్యం, 60 గ్రాముల పప్పుదినుసులు, 25 గ్రాముల నూనె, 50 గ్రాముల బలవర్ధక పిండి, 15 గ్రాముల చక్కెర, 5 గ్రాముల ఉప్పు ఉంటాయి. నలుగురున్న ఇంటికి ఒక వారానికి దాన్ని హెచ్చిస్తే:

- ధాన్యం: 11.2 కిలోలు
- పప్పుదినుసులు: 1.7 కిలోలు
- నూనె: 700 గ్రాములు
- బలవర్ధక పిండి: 1.4 కిలోలు
- చక్కెర: 420 గ్రాములు
- ఉప్పు: 140 గ్రాములు

మొత్తం పదిహేనున్నర కిలోలు. 20 ఇళ్లకు వారం అంటే 310 కిలోలు. యూత్‌లో 25 మంది ఉంటే, ఒక్కొక్కరు మూడు ఇళ్లను అడిగి ఇంటికి నాలుగేసి కిలోలు తెస్తే 300 అవుతుంది, దాదాపు సరిపోయినట్టే. ఈ లెక్క గోడ మీద అంటించండి. కొలత తెలిశాక పిల్లలు అడిగే తీరే మారిపోతుంది.

ఈ జాబితాను సంస్థ చెప్పినదానితో సరిచూసుకోండి. వాళ్లకు ధాన్యం దండిగా ఉండి నూనె లేకపోతే మీరు నూనె మీదే పడాలి. జనం తమంతట తాము తెచ్చేది దాదాపు ఎప్పుడూ ధాన్యం, పిండి, డబ్బా కూరగాయలే. నూనె, పప్పు, పాలపొడి, డబ్బా చేప, పసిపిల్లల ఆహారం పేరు పెట్టి అడిగితే తప్ప రావు.

4. డబ్బుకు ఏ దారి ఎంచుకోవాలి

ఒక్కటి ఎంచుకోండి. మూడు దారులు ఒకేసారి పెట్టుకుంటే మూడు రకాల లెక్కలు రాయాల్సి వస్తుంది.

*గుమ్మం దగ్గర గిన్నె.* ఆరాధన అయ్యాక యూత్ వాళ్లు పెద్ద గిన్నెలు పట్టుకుని ద్వారాల దగ్గర నిలబడతారు. అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రం కొలంబియాలోని ఒక ప్రెస్బిటేరియన్ సంఘం యూత్ 1990లో సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) ఆట జరిగే ఆదివారం నాడు మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆ ఏర్పాటులో గమనించాల్సింది ఏమిటంటే, డబ్బు ఒక కేంద్ర కార్యాలయానికి పోదు. ఏ సంఘానికి ఆ సంఘం తను ఎంచుకున్న సంస్థకు నేరుగా ఇచ్చేసి, మొత్తం ఎంతైందో మాత్రం తెలియజేస్తుంది. పని తక్కువ, ఖర్చు దాదాపు సున్నా. మొదటిసారి చేసేవాళ్లకు మేం ఇదే చెబుతాం.

*నడక.* చర్చ్ వరల్డ్ సర్వీస్ అనే అమెరికా క్రైస్తవ సహాయ సంస్థ తరఫున, ఆకలి నివారణకు డబ్బు పోగుచేయడానికి జరిగే క్రాప్ (CROP) నడకలు 1969లో నార్త్ డకోటాలోని బిస్మార్క్‌లో మొదలయ్యాయి. నడిచేవాళ్లు ముందే దాతల పేర్లు రాయించుకుంటారు. దారికి పోలీసు అనుమతి, నీళ్లు, వెనకాల ఒక బండి, దారిలో మరుగుదొడ్డి ఏర్పాటు ఉండాలి. 5 కిలోమీటర్లు చాలు. 10 పెడితే ముసలివాళ్లు, పసివాళ్లు రారు.

*ఉపవాసం.* 24 లేదా 30 గంటలు ఘనాహారం మానేసి, దానికి దాతల చేత మొత్తం రాయించుకోవడం. యూత్‌కు దీని మీదే మోజు ఎక్కువ, ప్రమాదమూ దీనిలోనే ఎక్కువ. అందుకే దీనికి విడిగా ఒక మెట్టు.

ఏ దారైనా ఒక హెచ్చరిక: "గంటకు ఇంత", "కిలోమీటరుకు ఇంత" అని రాయించుకోవద్దు. కళ్లు తిరుగుతున్నా ఇంకో గంట ఉంటే ఇంకొంత డబ్బు వస్తుందని పిల్లలు చెప్పకుండా ఓర్చుకుంటారు. పాల్గొన్నందుకు ఒకే మొత్తం అని రాయించుకోండి. వసూలు కూడా ముందే పూర్తవుతుంది. తర్వాత ఇస్తామన్నవాళ్ల వెంట పడటం అన్నిటికంటే విసుగు పుట్టించే పని.

5. ఉపవాసం పెట్టుకుంటే

వేళలు: శుక్రవారం మధ్యాహ్నం 12కు భోజనం ముగిస్తే శనివారం సాయంత్రం 6కు 30 గంటలు పూర్తవుతాయి. మొదటిసారి అయితే 24 గంటలే పెట్టుకోండి. శుక్రవారం సాయంత్రం 6 నుంచి శనివారం 6 వరకు.

ఎవరు చేయకూడదు: 12 ఏళ్ల లోపు వాళ్లు, షుగరు ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూర్ఛ ఉన్నవాళ్లు, అన్నంతో పాటు మందు వేసుకోవాల్సినవాళ్లు, జ్వరంతో ఉన్నవాళ్లు, తిండి విషయంలో మానసిక ఇబ్బంది ఇప్పుడు ఉన్నా ఒకప్పుడు ఉన్నా. ఈ చివరిది ఇంట్లోవాళ్లకు కూడా తెలియకపోవచ్చు. కాబట్టి కారణం అడగకుండానే వేరే దారి ఇవ్వండి: ఇష్టమైన చిరుతిండి వారం మానేయడం, ఫోన్ పక్కన పెట్టడం, ఒక్క పూట సాదా భోజనంతో సరిపెట్టుకోవడం. అనుమతి పత్రంలో రెండు గడులు పక్కపక్కనే పెట్టండి, ఎవరు ఏది ఎంచుకున్నా దాతల మొత్తం ఒకటే. ఉపవాసం చేసినవాళ్లకు మాత్రమే చప్పట్లు కొట్టించే సంఘాల్లో చేయకూడని పిల్లలు దాచిపెట్టి చేస్తారు.

ఆ 30 గంటల్లో:

- గంటకోసారి నీళ్లు. మూడు నాలుగు గంటలకోసారి నీళ్లు కలిపిన పళ్ల రసం.
- పరుగులు, బంతాటలు, ఎండలో పనులు వద్దు. సరుకు వేరు చేయడం, ప్రార్థన, పాటలు చాలు.
- రాత్రి అక్కడే పడుకుంటే ఆడపిల్లలకు, మగపిల్లలకు విడి గదులు. ప్రతి గదికి బంధుత్వం లేని పెద్దవాళ్లు ఇద్దరు.
- ఒక పెద్దాయనో పెద్దావిడో పూర్తిగా తిని, మెలకువగా, బండి తాళంతో సిద్ధంగా ఉండాలి. నాయకులు అందరూ ఉపవాసం ఉంటే అత్యవసరంలో బండి నడిపేవాళ్లే ఉండరు.

ఆపేయాల్సిన గుర్తులు: చల్లని చెమట, చేతుల వణుకు, కళ్లు తిరగడం, పొంతన లేకుండా మాట్లాడటం. వెంటనే తీపి పానీయం ఇచ్చి, కాస్త తేరుకోగానే తినిపించండి. వాళ్ల ఉపవాసం అక్కడితో అయిపోయింది, మళ్లీ మొదలుపెట్టనివ్వద్దు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్సును పిలవండి.

విరమణకు విందు పెట్టకండి. వెచ్చని పలుచని సూపో జావో కొంచెం, అరగంట ఆగి మామూలు భోజనం. బయటి నుంచి నూనె ఓడే పదార్థాలు తెప్పిస్తే సగం మందికి కడుపునొప్పి ఖాయం.

ఇంకొక మాట. ఆకలిగొన్నవాళ్లలా నటించే ఆటలు, చింకిబట్టల వేషాలు వద్దు. మీ వరుసలోనే కూర్చున్న కుటుంబానికి ఈ నెల ఇంట్లో సరుకు లేకపోయి ఉండవచ్చు.

6. అడగడం

సేకరణకు మూడు వారాల ముందు మొదటి ప్రకటన, తర్వాత ప్రతి ఆదివారం ఒక నిమిషం. అంతకు మించితే ఎవరూ వినరు. పోస్టర్ కంటే చీటీ బాగా పనిచేస్తుంది. ఒక్కో చీటీ మీద ఒకే వస్తువు, దాని పరిమాణం, తేవాల్సిన తేదీ. "ఆంటీ, వచ్చే ఆదివారం అర లీటరు నూనె సీసా ఒకటి తెస్తారా?" అని చీటీ చేతిలో పెడితే తెస్తారు. "మీకు తోచింది తెండి" అంటే అలమర మూల ఉన్న పాత డబ్బా వస్తుంది.

వద్దన్నవి కూడా చీటీ వెనక రాయండి: తెరిచిన ప్యాకెట్లు, ఇంట్లో సీసాల్లో నిల్వ చేసినవి, లేబుల్ లేనివి, గడువు దాటినవి, మద్యం, మందులు.

7. డబ్బు లెక్క

గిన్నెలు, పెట్టెలు ఆరాధన అయిన వెంటనే ఒకే గదిలోకి చేరాలి. లెక్కపెట్టేటప్పుడు బంధుత్వం లేని ఇద్దరు, తలుపు వేసి, ఇద్దరూ చివరిదాకా అక్కడే. ఒకరు లెక్కపెట్టి కాగితం మీద నోటు రకం వారీగా రాస్తారు: ఏ నోటు ఎన్ని, నాణేలు ఎన్ని. ఆ కాగితం రెండోవాళ్లకు చూపించకుండా వాళ్ల చేత మళ్లీ లెక్కపెట్టించాలి. రెండు కాగితాలూ కలిస్తే సంతకాలు. కలవకపోతే మొదటి నుంచి. "ఓ నోటు తేడానే కదా" అని సర్దుకుంటే తర్వాతి వారం తేడా పెరుగుతుంది, తప్పు ఎక్కడ జరిగిందో దొరకదు.

డబ్బు సంచిలో వేసి మూతి అంటించి, అంటించిన చోట అడ్డంగా ఇద్దరి సంతకం. మర్నాడు బ్యాంకులో. ఆ రాత్రి ఎవరింటికో తీసుకెళ్లాల్సి వస్తే ఇద్దరూ కలిసి వెళ్లండి. అందులోంచి చిల్లర మార్చడం, "రేపు ఇస్తా" అని తీసుకోవడం ఏ కారణానికీ కుదరదు.

రసీదులు వరుస నంబర్లో. తప్పు రాసిన రసీదు చింపేయకండి, అడ్డంగా గీత కొట్టి పుస్తకంలోనే ఉంచండి. ఆన్‌లైన్‌లో వచ్చినవి విడి పేజీలో. ఎవరు ఎంత ఇచ్చారో గోడ మీద పెట్టవద్దు. మొత్తం చెబితే చాలు.

8. సరుకు వేరు చేయడం

ఇక్కడే ఎక్కువ సమయం పడుతుంది, ఎక్కువ తప్పులూ ఇక్కడే. లోపలికి వచ్చిన ప్రతి సంచీ ముందు కాటా మీదకు, తర్వాత బల్ల మీదకు. వచ్చిన బరువు రిజిస్టర్లో రాయకుండా సంచీ విప్పవద్దు.

మొదటి బల్ల దగ్గర తేదీ చూడండి. రెండు రకాల తేదీలు ఉంటాయి. "ఈ తేదీ లోపు వాడాలి" అన్నది భద్రతకు సంబంధించింది, దాటితే పారేయాలి. "ఈ తేదీ లోపు నాణ్యంగా ఉంటుంది" అన్నది రుచికి, నాణ్యతకు సంబంధించింది. అది దాటినవి తీసుకోవాలా వద్దా అన్నది సంస్థ నియమం, మీ ఇష్టం కాదు. పసిపిల్లల పాలపొడి మాత్రం తేదీ దాటితే ఏ సందర్భంలోనూ ఇవ్వకూడదు. తేదీని మార్కరుతో పెద్దగా పైన రాస్తే అటువైపు వాళ్లకు పని తగ్గుతుంది. బార్‌కోడ్ మీద, పదార్థాల జాబితా మీద మాత్రం రాయకండి. వేరుశనగ, పాలు, గోధుమ పడనివాళ్లు చదువుకోవాల్సింది అదే.

రెండో బల్ల దగ్గర ప్యాకింగు చూడండి.

*డబ్బాలు:* పైమూతను బొటనవేలితో నొక్కండి. లోపలికి పోయి టక్కున పైకి లేస్తే వద్దు. రెండు వైపులా ఉబ్బినదైతే అసలు తెరవకండి, రుచి చూడకండి. పాడైన డబ్బాల్లో పుట్టే ప్రాణాంతకమైన బొట్యులిజం విషం వాసనతో గాని రుచితో గాని తెలియదు. పక్కన చిన్న నొక్కు ఫర్వాలేదు. అంచు మడత మీద, నిలువు అతుకు మీద నొక్కు పడితే పారేయండి, కంటికి కనబడని సందు అక్కడే పడుతుంది. తుప్పు వేలితో తుడిస్తే పోతే సరే, గుంటలు పడితే వద్దు.

*ధాన్యం, పిండి, పప్పు:* ప్యాకెట్టును వెలుతురుకు పట్టి చూడండి. మూలల్లో సాలెగూడు లాంటి పోగు కనిపిస్తే లోపల పురుగు పడింది. సన్నని బెజ్జాలు కనిపించినా అంతే. అలాంటిది ఒక్కటి పెట్టెలో పడితే వారంలో పెట్టె అంతా పాకుతుంది. వెంటనే సంచిలో కట్టి బయట పడేయండి, గదిలో చెత్తబుట్టలో కాదు.

*నూనె సీసాలు:* తలకిందులు చేసి ఒక నిమిషం కాగితం మీద పెట్టండి. మరక పడితే అది పెట్టెలోకి వెళ్లకూడదు. ఒక్క సీసా కారినా కింద ఉన్న ధాన్యం మొత్తం పాడైపోతుంది.

మూడో బల్ల దగ్గర రకాల వారీగా వేరు చేయండి. సబ్బులు, వాషింగ్ పౌడర్ వస్తే వాటికి వేరే పెట్టె, వీలైతే వేరే గది. పిండి, పాలపొడి ఆ వాసన పీల్చేస్తాయి.

పనికిరానివి విడిగా తూచి రాయండి. అనుకున్నదానికంటే ఎక్కువగా పారేయాల్సి వస్తే మీ చీటీలో ఏదో లోపం ఉన్నట్టు.

9. పెట్టెలు కట్టడం, తరలించడం

పైన చెప్పిన సైజు పెట్టెలో 36 లీటర్ల చోటు ఉంటుంది. నిండా ధాన్యం పోస్తే పాతిక కిలోలు దాటుతుంది. అడుగు ఊడిపోతుంది, ఎత్తిన పిల్లవాడి నడుం పట్టేస్తుంది. 12 కిలోలకు ఆపేయండి. బరువైనవి అడుగున, తేలికవి పైన, నూనె నిలువుగా. అడుగున టేపు కూడిక గుర్తులా రెండు వరుసలు. పక్కన ఏముందో, ఎన్ని కిలోలో, అన్నిటికంటే ముందు వచ్చే గడువు తేదీ ఏదో రాయండి. పైన రాస్తే పెట్టె మీద పెట్టె పెట్టాక కనబడదు. ఇంటింటికీ కిట్లు కట్టమని సంస్థ అడిగితే తప్ప కలగూరగంపలా అన్నీ ఒకే పెట్టెలో వేయకండి. వాళ్లు మళ్లీ విప్పి వేరు చేయాల్సి వస్తుంది.

310 కిలోలకు 26 పెట్టెలు అవుతాయి. ఒక రాత్రి ఉంచాల్సి వస్తే నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు జానెడు దూరంలో పెట్టండి. నేలకు తడి, గోడ వెంట ఎలుకలు.

వండి పెట్టే కార్యక్రమమైతే ఒకే సూత్రం. వేడిది 60 డిగ్రీల సెల్సియస్ పైన, చల్లనిది 5 కింద. ఆ మధ్యలో రెండు గంటలు దాటి ఉన్నది ఎవరికీ పెట్టకండి. మిగిలింది వలంటీర్లు ఇళ్లకు పట్టుకెళ్లడానికి కూడా ఇదే వర్తిస్తుంది.

ఇచ్చే చోట ఫోటోలు తీయాలనుకుంటే పెట్టెలనో యూత్‌నో తీయండి. తీసుకునేవాళ్ల ముఖాలు వద్దు.

10. సరిచూసుకోవడం

రెండు లెక్కలు కలవాలి.

సరుకు: వచ్చిన బరువు = సంస్థ రసీదులోని బరువు + పారేసినది. అట్టపెట్టెల బరువు తీసేయడం మరిచిపోవద్దు, ఖాళీ పెట్టె ఒకటి తూచి ఎన్ని ఉంటే అన్నితో హెచ్చించండి. ఒకటి రెండు శాతం తేడా కాటా వల్ల వస్తుంది. అంతకంటే ఎక్కువైతే తూచకుండా ఏదో పెట్టె వెళ్లిపోయింది.

డబ్బు: గిన్నెల మొత్తం + రసీదుల మొత్తం + ఆన్‌లైన్ = బ్యాంకు స్లిప్పులు + ఖాతాలో నేరుగా పడ్డవి = సంస్థ ఇచ్చిన రసీదు. ఇక్కడ తేడా సున్నా ఉండాలి. గిన్నెలో వేసిన డబ్బుకే రసీదు కూడా రాసి రెండుసార్లు కూడటం అన్నది తరచూ జరిగే పొరపాటు. మొత్తం ఎక్కువగా కనిపిస్తే ముందు అక్కడ వెతకండి.

వారంలోపు సంఘానికి చెప్పండి: ఎంత వచ్చింది, ఎంత ఇచ్చాం, ఎవరికి, ఎంత పారేశాం. పారేసింది దాచకండి. వచ్చే ఏడు సరిగ్గా తేవడానికి అదే కారణమవుతుంది.

మూడు వారాల తర్వాత మళ్లీ ఆ సంస్థ అలమరాలు చూసి రండి. మీరిచ్చినవాటిలో ఇంకా కదలకుండా కూర్చున్నది ఏదో, అదే మీ జాబితాలోని తప్పు. రసీదు చెప్పనిది ఇది చెబుతుంది.

పదిమందే ఉంటే, లేదా ఇదంతా పెద్దదిగా అనిపిస్తే

నెలకో వస్తువు పెట్టుకోండి. మొదటి ఆదివారం నూనె, వచ్చే నెల పప్పు, ఆపై నెల పసిపిల్లల ఆహారం. ఒకే పెట్టె, ఒకే రకం. వేరు చేయాల్సిన పని లేదు, బండి అక్కర్లేదు, రిజిస్టర్లో ఒక వరుస సరిపోతుంది. పండుగ రోజుల్లో అందరూ ఇస్తారు కాబట్టి అప్పుడు సంస్థల దగ్గర చోటు ఉండదు. పండుగ వెళ్లిన రెండో నెల నుంచి, బడులకు సెలవులిచ్చినప్పుడు మాత్రం అలమరాలు ఖాళీ అవుతాయి. బడిలో పెట్టే భోజనం మీద ఆధారపడ్డ పిల్లలు ఇళ్లలో ఉండేది ఆ సెలవుల్లోనే. ప్రపంచ ఆహార దినం అక్టోబర్ 16 అని దానికోసమే ఆగాల్సిన పని లేదు, మీరు వెళ్లే సంస్థకు ఏ నెల కటకటగా ఉంటుందో అడిగి ఆ నెల పెట్టుకోండి.

ఏ పద్ధతిలో చేసినా చీటీ నమూనా, అనుమతి పత్రం, రిజిస్టర్, సంస్థ రసీదులు, అక్కడ మాట్లాడాల్సిన మనిషి వివరాలు ఒకే ఫైలులో పెట్టి సంఘ కార్యాలయంలో ఇవ్వండి. యూత్ లీడర్లు చదువులకో ఉద్యోగాలకో ఊరు మారుతుంటారు. ఫైలు వాళ్లతో పాటు వెళ్లకూడదు.